సర్మదు: గోలకొండకు వచ్చిన యూద దిగంబరకవి

క్రీస్తుశకము 1647వ సంవత్సరమున హైదరాబాదు నగరమున ఇరువురు కలిసికొనిరి. ఒకరు మతములన్నింటిని స్వయముగా విచారించి గ్రంథస్థము చేయవలెనని దేశములు తిరుగుచున్న పండితుడు. రెండవవారు ఒంటిమీద నూలుపోగైన లేని కవి. యూదులు భగవంతుని ఏవిధముగా భావింతురని పండితుడడిగెను. కవి తన చిన్ననాటి చదువును జ్ఞప్తికి దెచ్చుకొని చెప్పెను. ఆ మాటలు 'దబిస్తానె మజాహిబ్', అనగా 'మతముల పాఠశాల' అను పారసీక గ్రంథమున యూదులను గూర్చిన ప్రకరణముగా నిలిచినవి. ఆ కవియే సర్మదు. పదునాలుగేండ్లైన గడువకముందే ఢిల్లీలో ఆయన శిరస్సు ఖండింపబడెను.

ఆనాటి హైదరాబాదునకు పరదేశులు కొత్తవారు కారు. 1591లో చార్మినారు వెలసిన పిమ్మట అర్ధశతాబ్ది గడచినది. అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672) రాజ్యము చేయుచుండెను. కృష్ణాతీరమున కొల్లూరు గనులలో వజ్రములు దొరకుచుండెను. ఆ గనులలో 60,000 మంది పనిచేయుచుండిరని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసికొనెను. వజ్రములకును, అద్దకపు వస్త్రములకును మచిలీపట్టణపు రేవునకు ఓడలు వచ్చుచుండెను. ఆంగ్లేయులు 1611లోనే అచట వర్తకశాల నెలకొల్పిరి. రేవునుండి రాజధానికి పోవు బండ్లబాట, నేడు సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు రహదారి దిక్కుననే, ఇంచుమించుగా సాగెడిది. పారసీకులు, ఆర్మీనియనులు, డచ్చివారు ఆ బాటను ఎరిగినవారే. అర్దిస్తాను నుండి వచ్చిన మీర్ జుమ్లా వజ్రవ్యాపారముతో ఆరంభించి గోలకొండ మంత్రిపదవి నందుకొనెను. వర్తకులు ధనము కొరకు వచ్చిన నగరమునకు, ఉన్న ధనమునంతయు పారవైచిన వర్తకుడు సర్మదు వచ్చెను. నగరముగుండా పారు మూసీనది మిర్యాలగూడ చేరువ వాడపల్లికడ కృష్ణలో గలియును. ఆ యేటి ఒడ్డున కొన్నాళ్లు మసలిన ఈ కవిని గూర్చి మన సాహిత్యచరిత్రలు మాటాడకపోవుట వింతయే.

సర్మదు పదునారవ శతాబ్ది చివర పారసీక దేశమున జన్మించెను. ఆర్మీనియా దేశస్థుడని కొందరు వ్రాసిరి గాని, ఆయనతో స్వయముగా ముచ్చటించిన దబిస్తాను కర్త, ఆయన రబ్బీల వంశమున బుట్టిన యూదుడనియే చెప్పెను. ఆయనను కాషానీ యనుటయు కలదు. కాషాను నగరమున ఆ కాలమున యూదులు హెచ్చుగా నుండిరి. వారి బ్రతుకు సుఖమైనది కాదు. షా అబ్బాసు కాలమునుండి యూదులు బలవంతముగా మతము మార్చుకొనవలసివచ్చిన ఘట్టములను ఆ ఊరి యూదుడే అయిన బాబాయి ఇబ్ను లుత్ఫ్ పద్యకావ్యముగా వ్రాసియుంచెను. ఇంటిలోపల ఒక దేవుని పేరు, వీధిలో మరియొక పేరు చెప్పుకొని బ్రతుకవలసిన కాలమది. సర్మదు చరిత్రను చదువునప్పుడు ఈ సంగతి మరువరాదు.

బాల్యమున ఆయన హీబ్రూ నేర్చి తోరా పఠించెను. తరువాత ముసల్మానుల శాస్త్రముల మీద మనసు పోయెను. ఆ యుగమున పారసీకమున ప్రసిద్ధులైన తత్త్వవేత్తలు ముల్లా సద్రా, మీర్ ఫిందిరిస్కీ. ఆ ఇరువురికడను శుశ్రూష చేసెనని దబిస్తాను చెప్పుచున్నది. ఉన్నది ఒక్కటే సత్తయనియు, సూర్యకాంతి దగ్గర గాఢముగా, దూరమున పలుచగా నున్నట్లు, ఆ సత్త యొక్క తారతమ్యములే ఈ సమస్త వస్తువులనియు ముల్లా సద్రా బోధించెను. అద్వైతము వినిన మన విద్యార్థులకు ఈ మాట అంత దూరముగా తోపదు. ఫిందిరిస్కీ భారతదేశమునకు వచ్చి ఇచటి యోగవాసిష్ఠమును పారసీకమున చదివి వ్యాఖ్యానించినవాడు. గురువుల మూలముననే శిష్యునకు హిందూదేశము మీద దృష్టి మరలెనేమో. ఇస్లామును స్వీకరించిన పిమ్మట ఆయన వర్తకుడై, సరకు ఓడ కెక్కించుకొని, 1632 ప్రాంతమున సింధులోని ఠట్టా నగరమునకు వచ్చెను.

ఠట్టాలో వర్తకము ముగిసెను. అభయచందు అను హిందూ వర్తకుని కుమారుని చూచి సర్మదు మోహపరవశుడయ్యెను. ఆ ప్రేమ ఎట్టిదని తరువాతివారు పలువిధముల తర్కించిరి. సూఫీ సంప్రదాయమున మానవసౌందర్యము దైవసౌందర్యమునకు అద్దమని చెప్పి సమర్థించినవారు కలరు, నిందించినవారు కలరు. జరిగినది మాత్రమిది: సర్మదు ఉన్న సొమ్మంతయు విడిచెను, ఒంటిమీది వస్త్రములను విడిచెను, ఆ ఇంటి వాకిట కూర్చుండెను. పిల్లవాని తండ్రి మొదట అడ్డుపడెను. పిదప ఆయన మనసులో కల్మషము లేదని నమ్మి అనుమతించెను. అభయచందు శిష్యుడయ్యెను. గురువుకడ హీబ్రూ నేర్చి తోరాను, దావీదు కీర్తనలను చదివెను. సింధుదేశపు వైశ్యబాలుడు దిగంబరుడైన గురువు పాదములకడ కూర్చుండి యూదుల వేదమును వల్లించుట మనదేశ చరిత్రలో అరుదైన దృశ్యము.

గురుశిష్యులు లాహోరు మీదుగా దక్షిణమునకు వచ్చి హైదరాబాదు చేరిరి. దబిస్తాను కర్త వారిని కలిసినది ఇచటనే. అభయచందు పారసీకమున అనువదించిన ఆదికాండ భాగమును ఆయన తన గ్రంథమున చేర్చెను. సృష్టి మొదలుకొని నోవహు కథారంభము వరకు, మొదటి ఆరు అధ్యాయముల మేర, ఆ అనువాదము సాగినది. సర్మదు దానిని సరిచూచెను.

ఆ ఆరు అధ్యాయములు యూదుల దైవభావనకు పుట్టినిల్లు. అందులోని దేవుడు మట్టితో మనుష్యుని మలచును. చల్లని వేళ తోటలో నడచును. దాగియున్నవానిని ఎక్కడనున్నావని అడుగును. తుదకు మానవజాతి దుష్టత్వమును చూచి, ఏల సృజించితినని మనసు నొచ్చుకొనును. చేతులు, అడుగులు, పశ్చాత్తాపము గల దేవుడు! ఇట్టి దేవుని పెద్దలు ఎట్లు అర్థము చేసికొనిరన్నదే యూదతత్త్వచరిత్ర యంతయు. క్రీ. పూ. 586లో బాబిలోను సైన్యము యెరూషలేము దేవాలయమును కూల్చి జనులను చెరగొనిపోయినప్పుడు, ఆలయములేని దేవుడు ఎచటనున్నాడను ప్రశ్న పుట్టెను. ఆయన ఒక్క జాతికి, ఒక్క కొండకు చెందినవాడు కాడు, సర్వలోకములకు ఒక్కడే అను భావము ఆ చెరలోనే దృఢపడెను. నష్టము కలిగినప్పుడే దేవుడు పెద్దవాడగుట మన భక్తుల చరిత్రలలోను చూచుచున్నాము.

మరి పదునేడు శతాబ్దులకు పైగా గడచిన పిమ్మట ఈజిప్టులో రాజవైద్యుడుగా నుండి 1204లో మరణించిన మైమోనిడీసు, దేవునకు శరీరమున్నదని తలచువాడు మతభ్రష్టుడని తీర్మానించెను. తోరాలోని చేయి, కన్ను, అడుగు అను మాటలన్నియు ఉపమానములని ఆయన మతము. దేవుడు ఇట్టివాడని చెప్పుట మనుష్యునకు శక్యము కాదు, ఇట్టివాడు కాడని మాత్రమే చెప్పవచ్చును. మన ఉపనిషత్తుల నేతివాదమునకు ఇది ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. అయితే ఆయన సమకాలికుడైన ఫ్రెంచిదేశపు రబ్బీ అబ్రహాము బెన్ దావీదు దీనికి ఒప్పుకొనలేదు. దేవునకు రూపమున్నదని నమ్మినవారిలో మైమోనిడీసు కంటె గొప్పవారు, మంచివారు ఉండిరని ఆయన మందలించెను. అక్షరము నమ్మిన సామాన్యభక్తుని పక్షమున ఒక పండితుడు మరియొక పండితునితో కలహించుట! మన సగుణ నిర్గుణ వాదములు జ్ఞప్తికి రాక మానవు. పదునారవ శతాబ్దిలో గలిలయలోని సఫెదు నగరమున ఐజాకు లూరియా మరియొక తలుపు తెరచెను. అనంతుడైన దేవుడు తన్ను తాను ముడుచుకొని చోటు విడిచినందుననే ప్రపంచమునకు చోటు కలిగినదని ఆయన బోధ.

ఇక సర్మదు హైదరాబాదులో చెప్పినదేమి? రబ్బీల మతమున దేవునకు దేహమున్నదనియు, అది మానవాకారమున ఉన్నదనియు, మనుష్యుడు ఆ పోలికనే పుట్టెననియు ఆయన చెప్పినట్లు దబిస్తాను వ్రాయుచున్నది. మైమోనిడీసు విజయము పొందిన నాలుగు శతాబ్దుల పిమ్మట ఒక రబ్బీ వంశజుడు ఇట్లు చెప్పుట చూచి కొందరు ఆయనకు స్వమతము సరిగా తెలియదనిరి. ఆ మాట తొందరపాటు. అబ్రహాము బెన్ దావీదు పేర్కొన్న ఆ మంచివారి పరంపర తెగిపోలేదనుటకు ఇదియే సాక్ష్యము కావచ్చును. మరియొక సంగతి కూడ ఆయన చెప్పెను. మానవుని నూటయిరువది యేండ్ల ఆయువు ఒక పగలు. మరణము ఒక రాత్రి. ఆ రాత్రి దేహకణములు శిలలలో, వృక్షములలో, జంతువులలో చెదరిపోవును. మరల నూటయిరువది యేండ్లు గడచి తెల్లవారగనే, ఒక కణము తూర్పున, మరియొకటి పడమట నున్నను, అవి ఒక్కచోట చేరి జీవుడు లేచును. ఇది తోరాలో కనబడు మాట కాదు. చిన్ననాటి పాఠము, ముల్లా సద్రా తత్త్వము, ఇచటి పునర్జన్మ విశ్వాసము కలిసి ఒక నోట పలికినట్లున్నది.

ఆయన దిగంబరత్వమును గూర్చియు పండితుడు అడిగియుండును. ప్రవక్త యెషయా దిగంబరుడై తిరిగిన వృత్తాంతమును చూపి, తమవారిలో ఇది నిషిద్ధము కాదని సర్మదు సమాధానమిచ్చెను. తెలుగువారికి ఈ రూపము పరిచితమైనదే. మన వేమన చిత్రమును ఎవరు గీసినను దిగంబరునిగానే గీయుదురు. అవధూతలకు ఈ నేల ఏనాడును కొరతపడలేదు. సర్మదు చెప్పినవి రుబాయీలు, అనగా నాలుగు పాదముల పద్యములు. మూడు వందలకు పైగా ఆయన పేర నిలిచియున్నవి. దువ్వూరి రామిరెడ్డిగారి 'పానశాల' చదివినవారు ఉమర్ ఖయ్యాము రుబాయీల నెరుగుదురు. సర్మదు రుబాయీలలో మధువు తక్కువ, తహతహ ఎక్కువ. గుడిలోని రాయి, మసీదులోని రాయి ఒక్కని గుర్తులే యను భావము పలుమారులు వచ్చును. ఒకటి విడిచి మరియొకటి పట్టి తుదకు రామలక్ష్మణుల పేరు చెప్పుకొనువాడనైతినని తన్ను తానే ఎత్తిపొడుచుకొనిన రుబాయీ కూడ ఆయన పేర ప్రచారములో నున్నది.

గోలకొండలో ఆయనకు ఆదరము దొరకెను. అబ్దుల్లా కుతుబ్ షా మంత్రులలో ఒకడైన షేక్ ముహమ్మద్ ఖాను ఆయనను గౌరవించెను. ఆ మంత్రి మక్కాయాత్రకు బయలుదేరి సముద్రమధ్యమున మరణించెననియు, సర్మదు దానిని ముందుగనే సూచించెననియు దబిస్తానులో నున్నది. జ్యోస్యముల సంగతి ఎట్లున్నను, ఆ నగరమున ఆయనను వస్త్రము ధరింపుమని బలవంతపెట్టినవారు లేరు. ఏ మతము నీదియని నిలవేసినవారును లేరు. అట్టి నగరమును విడిచి ఆయన ఢిల్లీకి ఏల పోయెనో! దారా షికో పేరు అప్పటికే దేశమంతట వినబడుచుండెను. ఆ పేరే పిలిచియుండును.

షాజహాను చక్రవర్తి జ్యేష్ఠపుత్రుడగు దారా, కాశీపండితులను రప్పించి 50 ఉపనిషత్తులను 1657లో పారసీకమున అనువదింపజేసినవాడు. ఏకేశ్వరతత్త్వము యొక్క మూలరహస్యము ఉపనిషత్తులలో నున్నదని ఆయన నమ్మకము. సర్మదును ఆయన గురువుగా భావించెను. వారి నడుమ లేఖలు నడచినవి. చక్రవర్తికి ఈ దిగంబరునియందు సందేహము కలిగి ఇనాయతు ఖానును విచారింప బంపెనట. ఆ ఉద్యోగి తిరిగివచ్చి, ఈయనలో బయటపడిన రహస్యమేదైన నున్నచో అది ఆయన ఒడలు మాత్రమేనని చమత్కరించెను. కొలువులోనివారు నవ్వియుందురు. నవ్వులకు కాలము ఎంతో మిగిలియుండలేదు.

1658లో వారసత్వ యుద్ధము వచ్చినది. సామూగఢ్ వద్ద దారా ఓడిపోయెను. 1659లో ఔరంగజేబు ఆజ్ఞచే ఆయన చంపబడెను. దారాకు రాజ్యము వచ్చునని చెప్పితివి గదా యని ఔరంగజేబు సర్మదును అడిగెనట. నాశములేని రాజ్యము ఆయనకు లభించెనని సర్మదు బదులు చెప్పెనట. ఇది జనశ్రుతి. కాని దారాకు ఆప్తుడగుటయే ఆయన అసలు నేరమని చరిత్రకారులు పలువురు తలంచిరి. వీధులలో దిగంబరుడై తిరుగు ఫకీరును ఢిల్లీ ప్రజలు ఎన్నియో యేండ్లనుండి చూచుచునే యుండిరి. ఆ నగరమున వైద్యుడుగా నుండిన ఫ్రెంచివాడు బెర్నియే కూడ చూచి, వెగటుపడి వ్రాసెను. ఏండ్ల తరబడి కానరాని నేరము దారా మరణించిన వెంటనే కనబడుట గమనింపదగినది.

ప్రధాన ఖాజీ ముల్లా ఖవీ విచారణ చేసెను. దిగంబరత్వము ఒక నేరము. ప్రవక్త స్వర్గారోహణమును గూర్చిన ఒక రుబాయీలో, ప్రవక్త ఆకాశమునకు పోలేదు, ఆకాశమే ఆయనలోనికి దిగినదను భావమున్నదని రెండవ నేరము. ఈ రెండును మరణశిక్షకు చాలవని తోచెనేమో, ఇస్లాము విశ్వాసవాక్యమును చదువుమని ఆజ్ఞాపించిరి. ఆ వాక్యము మొదటి సగమున దేవుడు లేడనియు, తరువాతి భాగమున ఆ ఒక్కడు తప్ప అనియు వచ్చును. సర్మదు మొదటి సగము చదివి ఆగిపోయెను. తక్కినది చదువుమనిరి. తాను ఇంకను నిషేధములోనే మునిగియున్నాననియు, అస్తిత్వమును చేరలేదనియు, చేరనిదానిని చేరితినని చెప్పినచో అబద్ధమగుననియు ఆయన సమాధానమిచ్చెను.

ఈ ఘట్టము మీద విద్యార్థులు కొంచెము ఆగవలెను. ఆ మాటలను నాస్తికుని మాటలుగా మాత్రమే తీసికొనినచో ఖాజీ వలెనే మనమును పొరబడుదుము. ఇట్టివాడు కాడు, ఇట్టివాడు కాడు అని ఒక్కొక్క ఊహను తొలగించుకొనుచు పోవుట మైమోనిడీసు త్రోవ. సూఫీలలోను మొదట నిషేధము, పిదప స్థాపన అను సాధనక్రమము కలదు. హైదరాబాదులో దేవునకు మానవరూపమున్నదను తన పూర్వుల మాటను చెప్పిన ఈయన, ఢిల్లీకి వచ్చునప్పటికి ఏ రూపమును, ఏ నామమును పూర్తిగా పలుకలేని చోటికి చేరెను. రెండవ సగము పలికినచో ప్రాణము దక్కెడిది. కాషానులో ఆయన జాతివారు ఎందరో ప్రాణభయముచే పలుకవలసినవి పలికిరి. వారిని తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు. సర్మదు మాత్రము పలుకలేదు. ఢిల్లీలో జామా మసీదు చెంత 1660–61 ప్రాంతమున ఆయనను వధించిరి. తెగిన శిరస్సు మిగిలిన సగమును చదివెనని, మొండెము మసీదు మెట్లెక్కెనని ప్రజలు కథలు చెప్పుకొనిరి. చదువనని చెప్పి చనిపోయినవాని చేత చదివించుట భక్తుల ప్రేమ కాబోలు. ఆయన బ్రతికి చెప్పిన సమాధానమే ఈ కథకంటె ఘనమైనది.

సర్మదు ఠట్టాలో దిగిన 1632 ప్రాంతముననే, ఆ సంవత్సరమే, ఆమ్‌స్టర్‌డాములో మరియొక యూదశిశువు జన్మించెను. అతడే స్పినోజా. దేవుడు ప్రకృతికి బయటనుండి దానిని నడుపు ప్రభువు కాడు, దేవుడన్నను ప్రకృతియన్నను ఒక్కటే యని పెద్దవాడై వాదించెను. 1656 జూలైలో అచటి యూదసంఘము అతనిని శపించి వెలివేసెను. అతడు కటకములు సానపట్టి బ్రతికి 1677లో మరణించెను. ఇద్దరును ఒకరి పేరు ఒకరు వినియుండరు. స్పినోజాను వెలివేసినది స్వజాతి. సర్మదును చంపినది రాజు. ఒకడు రేఖాగణితము వలె సిద్ధాంతములు పేర్చి చెప్పినదానిని మరియొకడు నాలుగు పాదములలో పాడెను. పడమట ఒకని పేర తత్త్వశాస్త్రమే వెలసినది. తూర్పున రెండవవానికి మిగిలినది ఒక సమాధి.

ఆ సమాధి జామా మసీదు తూర్పుద్వారము చెంతనున్నది. ఎర్రరంగు పూసినది సర్మదుది. దానికి ఆనుకొని ఆకుపచ్చరంగున హరే భరే షా అను మరియొక ఫకీరు సమాధి. మన మిర్యాలగూడ ప్రాంతమున జాన్‌పహాడు దర్గాకు హిందువులు, ముసల్మానులు కలిసి మ్రొక్కుబళ్లు చెల్లించినట్లే, అచటికిని ఉభయులు వచ్చి పూలు చల్లుదురు. మౌలానా అబుల్ కలామ్ ఆజాదు ఇంకను ఇరువది రెండేండ్ల యువకుడుగా నున్నప్పుడు, 1910 ప్రాంతమున, సర్మదు జీవితమును గూర్చి ఉర్దూలో ఒక వ్యాసము వ్రాసెను. రాజాజ్ఞకు తలవంచక చనిపోయినవాని కథ ఆనాటి యువకులకు ఏల నచ్చెనో వేరుగా చెప్పనక్కరలేదు. 1958లో ఆజాదు మరణించినప్పుడు ఆయనను జామా మసీదుకును ఎర్రకోటకును నడుమ ఖననము చేసిరి. సర్మదు సమాధినుండి అచటికి నడచిపోవచ్చును.